కనుమ విస్తరి, మామూలు కంచం

సంక్రాంతి దగ్గర పడేకొద్దీ పండగతోపాటు ఒక భయం కూడా ఊళ్లోకి వస్తోంది. ఒక్క అరిసెలో ఇన్ని క్యాలరీలు, ఒక్క బొబ్బట్టు అరగాలంటే ఇంత దూరం నడవాలి అంటూ ఫోన్లలో పట్టికలు తిరుగుతున్నాయి. హైదరాబాదు నుంచి బయల్దేరి జగ్గయ్యపేటకో, ఇంకాస్త ముందుకొచ్చి నందిగామకో చేరిన పిల్లలు, అమ్మ పెట్టిన పళ్లెం వంక అనుమానంగా చూస్తారు. రెండు నాళ్లు పొయ్యి దగ్గర నిలబడి చేసిన ఆమె మొహం చిన్నబోతుంది. ఈ భయంలో నిజమెంతో చూడాలంటే ఆ లెక్కేదో మనమే కట్టుకోవాలి. పళ్లేన్ని తూచే అలవాటు మన ఇళ్లలో లేదు గాని, పచారీ కొట్టు చీటీ ఉంటుంది. అందులో సరుకంతా కిలోల్లోనే రాసి ఉంటుంది.

కిలో బియ్యంలో సుమారు 3,500 క్యాలరీలుంటాయి. దానికి ముప్పావు కిలో బెల్లం పాకం పట్టారనుకుందాం, 2,700 పైచిలుకు. మూకుట్లో వేగి, చెక్కల మధ్య నొక్కి పిండగా అరిసెల్లో మిగిలిపోయే నూనె పావుకిలో వేసుకుంటే 2,250. అంతా కలిపి 8,500 దగ్గర తేలుతుంది. 45 అరిసెలు దిగితే ఒక్కోటి 190. గారెలకు కిలో మినప్పప్పు 3,300, పీల్చిన నూనె 300 గ్రాములకు 2,700. 60 గారెలైతే ఒక్కోటి వంద. చెయ్యి తిరిగినవాళ్లు రుబ్బి వేస్తే నూనె తక్కువ పీలుస్తుంది, పిండి జారైతే ఎక్కువ తాగుతుంది. కాబట్టి ఇవి ఇంటింటికీ కొంత అటూ ఇటూ అయ్యే అంకెలే.

ఇక కనుమ నాటి మధ్యాహ్నం. కనుమకు మినుము తినాలి కాబట్టి నాలుగు గారెలు, 400. వాటిలోకి నాటుకోడి పులుసు, 250. పులిహోర 250. అన్నం 300 గ్రాములు, 390. అందులోకి పప్పు, రెండు చెంచాల నెయ్యి, 240. నేతి బొబ్బట్టు ఒకటి, 300. చివర పెరుగన్నం 190, నంజుకోవడానికి అప్పడమో వడియాలో 80. మొత్తం 2,100. పొద్దున తిన్న రెండు అరిసెలు, మధ్యమధ్య గుప్పెడు జంతికలు, రెండు కాఫీలు, రాత్రికి కొంచెం అన్నం కూడా కలిపితే రోజు మొత్తానికి 3,500.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన అవసరాల పట్టిక ఒకటుంది. కూర్చుని పనిచేసే 65 కిలోల మగవాడికి రోజుకు 2,110 క్యాలరీలు చాలు. అంటే కనుమ నాటి మధ్యాహ్న భోజనం ఒక్కటే అతని రోజంతటి తిండి. ఫోన్లలో తిరిగే భయమంతా ఈ పోలిక దగ్గరే ఆగిపోతుంది. అదే పట్టికలో ఇంకో గడి ఉంది. ఒళ్లు వంచి బరువు పని చేసే మగవాడికి రోజుకు కావలసింది 3,470. కనుమ నాడు మనం తిన్న 3,500కూ ఆ అంకెకూ తేడా లేదనే చెప్పాలి. పండగ నాటి తిండి ఎవరి ఒంటికి సరిపోతుందో ఈ గడి చెబుతోంది. దున్నేవాడికీ, కోసేవాడికీ, మోసేవాడికీ అది విందు రోజు తిండే గాని, ఒళ్లు ఖర్చుపెట్టే శక్తికి మించిన తిండి కాదు.

మన జగ్గయ్యపేట, నందిగామ మెట్ట సంగతి తెలిసినవాళ్లకు ఇది ఆశ్చర్యం కలిగించదు. సాగర్ నీళ్లు రాకముందు ఈ పల్లెల్లో చాలా ఇళ్లలో రోజూ ఉడికింది జొన్నలే. వరన్నం పండక్కో, చుట్టం వస్తేనో. నాగార్జునసాగర్ కోసం ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ పట్టుబట్టి తిరిగిన కథ జగ్గయ్యపేట వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. తర్వాతి ఏళ్లలో ఎడమ కాలువ కింద మన పొలాల్లోనూ వరి పండింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చాక, పొలం లేని ఇంట్లో కూడా వరన్నం రోజువారీ అన్నమైంది. జగ్గయ్యపేట, నందిగామలున్న జిల్లాకు 2022 నుంచి ఆయన పేరే ఉంది. ఆ బియ్యం ఎంత ఆకలి తీర్చిందో చూసినవాళ్లం, దాన్ని తక్కువ చేసి మాట్లాడలేం.

ఈ దేశంలో క్యాలరీల లెక్క మొదట ఆకలిని కొలవడానికే పనికొచ్చిందన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. 1979లో ప్రణాళికా సంఘం నియమించిన నిపుణుల బృందం పల్లెల్లో మనిషికి రోజుకు 2,400, పట్టణాల్లో 2,100 క్యాలరీలను ప్రమాణంగా పెట్టుకుని, అంత తిండి కొనుక్కోలేనివాడే పేదవాడని గీత గీసింది. పొట్ట నిండనివాడి లోటు ఎంతో తెలుసుకోవడానికి వాడిన కొలబద్ద అది. అదే కొలబద్దతో ఇప్పుడు అమ్మ చేసిన అరిసెను కొలిచి ఆమెను నొప్పిస్తున్నాం.

పండగ తిండి మీద భయం మనకొక్కరికే లేదు. అమెరికాలో థాంక్స్‌గివింగ్ రోజున సగటు మనిషి 4,500 క్యాలరీలు తింటాడన్న అంకె ఏటా నవంబరులో పత్రికల్లో వస్తుంది. దాన్ని ప్రచారంలో పెట్టింది క్యాలరీ కంట్రోల్ కౌన్సిల్, క్యాలరీలు తగ్గించిన తిండి, పానీయాలు తయారుచేసే కంపెనీల సంఘం. 2012లో న్యూయార్క్ టైమ్స్ ఒక్కో వంటకం వేసుకుంటూ లెక్క కడితే, కడుపు నిండా తిన్న భోజనం కూడా 2,500 లోపే తేలింది. మన కనుమ భోజనానికి అది కొంచెమే ఎక్కువ. భయపెట్టే అంకె ఎవరి దగ్గర్నుంచి వస్తోందో అడగడం మనమూ నేర్చుకోవాలి.

అయితే పండగ తిండి ఒంటి మీద ఏ గుర్తూ వదలదని నేననను. 2000 సంవత్సరంలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. 195 మందిని నవంబరు నుంచి జనవరి దాకా పండగల రోజుల్లో తూచి చూస్తే, సగటున పెరిగిన బరువు 0.37 కిలో. జనం అనుకునేదానికంటే చాలా తక్కువ. కాని ఆ కాస్త బరువూ తర్వాతి నెలల్లో దిగలేదు. నాకు ఇందులో ముఖ్యమనిపించింది ఈ రెండో సంగతి. పండగకు ఎక్కింది మామూలు రోజుల్లో దిగాలి. దిగడం లేదంటే చూడవలసింది మామూలు రోజుల్నే.

ఆ రోజులకూ లెక్క కడదాం. మూడు రోజుల సంక్రాంతిలో రోజుకు 1,400 అదనంగా తిన్నా మొత్తం 4,200. సాయంత్రం బండి దగ్గర ఆగి రెండు మిరపకాయ బజ్జీలో, ఒక సమోసానో, అలవాటుగా రోజుకు 200 అదనంగా తిన్నవాడికి ఏడాదిలో 340 రోజులకే 68,000 అవుతుంది. పండగ కంటే పదహారు రెట్లు. ఒళ్లు ఇంత సూటిగా కూడికలు, తీసివేతలు చేయదు, ఎక్కువ తింటే కొంత తానే సర్దుకుంటుంది. అయినా బరువు ఎటు మొగ్గుతోందో తెలియడానికి ఈ లెక్క చాలు.

ఒంటి పని మాత్రం తగ్గింది. దుక్కి ట్రాక్టరు చేస్తోంది, కోత యంత్రం చేస్తోంది, చేను దాకా బండి మీద పోతున్నాం. కూర్చుని పనిచేసేవాడికీ బరువు పని చేసేవాడికీ పట్టికలో తేడా 1,360 క్యాలరీలు. అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది 130, 140. పోయిన శ్రమను పొద్దుటి నడకతో పూరించడం ఎంత కష్టమో దీన్ని బట్టి ఊహించవచ్చు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని గడపలో ఉన్నారని తేల్చింది. ఇంతమందికి ఈ జబ్బు మూడు రోజుల అరిసెల వల్ల రాలేదు.

మామూలు కంచంలో ఏముందో ఒక్కసారి చూడండి. పొద్దున ఉప్మానో దోసెలో. మధ్యాహ్నం కుప్పగా అన్నం, కాస్త కూర, పచ్చడి. రాత్రి మళ్లీ అన్నం. రోజుకు 400 గ్రాముల బియ్యమైతే 1,400 క్యాలరీలు అక్కడే వస్తాయి, మాంసకృత్తులు మాత్రం 30 గ్రాములు. 65 కిలోల మగవాడికి కావలసింది 54 గ్రాములు. ఇప్పుడు కనుమ విస్తరికి రండి. నాలుగు గారెల్లో 65 గ్రాములకు పైగా మినప్పప్పు ఉంది, దాని నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు. కోడిమాంసం వంద గ్రాములు తింటే మరో 20. పప్పు, పెరుగు సంగతి సరేసరి. ఒక్క పూటలో రోజు అవసరంలో ముప్పాతిక వంతు అందుతుంది. తీపి, నూనె ఎక్కువే, కాదనను. కాని పప్పు, మాంసం, నువ్వులు, పెరుగు అన్నీ ఒకచోట చేరే భోజనం ఏడాదిలో చాలా ఇళ్లకు ఇదొక్కటే. పండగను చిన్నది చేయడం కంటే, పండగ నాటి పప్పూ మినుమూ మామూలు రోజుకు తెచ్చుకోవడం మంచి దారి. వారానికి రెండుసార్లు మినప రొట్టె వేసుకున్నా, పూటకో గరిటె అన్నం తగ్గించి ఆ మేరకు పప్పు చిక్కగా వండుకున్నా సరిపోతుంది. జొన్నలు ఈ నేలకు కొత్తవి కావు. మన తాతలు లేక తిన్న జొన్నను మనం కోరి తినవచ్చు.

నూనె సంగతి వేరుగా చెప్పాలి. పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2,000 క్యాలరీల రోజుకు నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు అని ఉంది. నలుగురున్న ఇంటికి నెలకు మూడుంబావు కిలోలు, అంటే లీటరు ప్యాకెట్లు మూడున్నర. బయట తిన్న బజ్జీ, బిర్యానీ, కర్రీ పాయింటు కూరల్లోని నూనె కూడా ఇందులోదే. ఈ నెల పచారీ చీటీ తీసి మీ ఇంట్లో ఎన్ని ప్యాకెట్లు వచ్చాయో లెక్కపెట్టండి. పండగ నెలలో ఆరు వచ్చినా నేను బెంగపడను. వానాకాలంలో, ఏ పండగా లేని నెలలో కూడా ఆరు వస్తుంటే అప్పుడు ఆలోచించాలి.

షుగరు ఉన్నవాళ్లకు మాత్రం పండగైనా వెసులుబాటు తక్కువ. వాళ్లు ముందుగా గారెలు, కోడిపులుసు తిని, అన్నం పులిహోరల్లో ఒకటే వేయించుకుని, తీపి ఒక్కటి ఎంచుకుంటే ఇంటిల్లిపాదితోపాటు కూర్చుని తినవచ్చు. మందులు మానడం, పొద్దుటి నుంచి పస్తుండి మధ్యాహ్నం ఒక్కసారే తినడం మంచిది కాదు. వాళ్లను వేరుగా కూర్చోబెట్టి చపాతీ పెట్టడం నాకు చూడబుద్ధి కాదు.

పట్టికలో అందరూ దాటిపోయే గడి ఆడవాళ్లది. కూర్చుని పనిచేసే స్త్రీకి 1,660, బరువు పని చేసే స్త్రీకి 2,720. సంక్రాంతి వెళ్లీవెళ్లగానే మన చేలల్లో మిరపకాయ కోతలు ముమ్మరమవుతాయి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వంగి కాయ కోసే ఆడమనిషి కూర్చుని పనిచేసే గడిలోకి రాదు. ఆమె సద్దిలో అన్నం, పచ్చడి తప్ప ఏముంటోందో ఏ ఫోను పట్టికా అడగదు. పండగ వంటింట్లో ఉన్న ఆమెదీ శ్రమే. పిండి దంచి, పాకం పట్టి, వాయి వెంట వాయి వేసి, అందరికీ వడ్డించి ఆఖరున కూర్చుంటుంది. అప్పటికి పులుసులో ముక్కలు అయిపోయి ఉంటాయి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలలో నూటికి 36 మంది ఉండవలసినదానికంటే ఎక్కువ బరువున్నారు. అదే సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తం తక్కువగా ఉంది. కొందరిలో ఈ రెండు కష్టాలూ ఒకే ఒంట్లో ఉన్నాయి. క్యాలరీలు అందుతున్నాయి, ఇనుము అందడం లేదు. అరిసెకు ఎన్ని క్యాలరీలో తెలిసినవాళ్లు ఈ సంగతి కూడా తెలుసుకోవాలి. పండగ వంటల్లో ఇనుము ఉన్నవి నువ్వులు, మినుములు, మాంసం. కోడిలో అది అన్నింటికంటే ఎక్కువుండేది కార్జంలో. మన ఇళ్లలో ఆ కార్జం ముక్క అల్లుడి విస్తట్లోకో, మనవడి విస్తట్లోకో పోతుంది. ఈ కనుమకు వడ్డన మగపిల్లలు చేయాలి, వండినవాళ్లు మొదటి పంక్తిలో కూర్చోవాలి, కార్జం వాళ్ల విస్తట్లో పడాలి.