వేడి రక్తం ఉంటేనే జంతువా?

మొన్న లంచ్ దగ్గర స్క్విడ్ పరిశోధనల మాటొస్తే మా టీమ్‌లో ఒకాయన తేల్చేశాడు: "నత్తకి చుట్టం బాబూ అది, దానికి నొప్పేంటి?" ఆయన్ననుకుని ఏం లాభం? అమెరికా ఫెడరల్ జంతు సంక్షేమ చట్టం లెక్కలో కూడా జంతువంటే వేడి రక్తం ఉన్నదే. (అందులోంచి ల్యాబుల కోసం పెంచిన ఎలకల్ని కూడా తీసేశారు, అది వేరే రామాయణం.)

మన నరాల్లో సిగ్నల్ ఎలా పరిగెడుతుందో తెలిసింది స్క్విడ్ పుణ్యమే కదండీ! దాని పెద్ద నరం తంతువు మిల్లీమీటరు మందం దాకా ఉంటుంది, లోపలికి ఎలక్ట్రోడ్ దూర్చొచ్చు. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ దాంతోనే 1952లో సమీకరణాలు రాశారు, 1963లో నోబెల్ అందుకున్నారు. సిగ్నల్ విషయంలో దాని నరమూ మన నరమూ ఒకటే, నొప్పి దగ్గరికొచ్చేసరికి మాత్రం అది పరాయిదైపోయిందా?

2021లో రాబిన్ క్రుక్ ప్రయోగం చూడండి. ఎసిటిక్ యాసిడ్ ఇంజెక్షన్ తిన్న ఆక్టోపస్‌లు, ఆ తర్వాత తమనుంచిన గదివైపు వెళ్ళడం తగ్గించేశాయి. సూది పడ్డచోట చర్మాన్ని ముక్కుతో గీకేసుకున్నాయి. నొప్పి తగ్గించే లిడోకేయిన్ ఎక్కడిస్తే ఆ గదిని కోరుకున్నాయి. ఇంకేం సాక్ష్యం కావాలి, తెలుగులో ఏడవాలా?

రూల్సు పెడితే పరిశోధన ఆగిపోతుందంటారు. యూరోపియన్ యూనియన్ 2010లోనే సెఫలోపాడ్‌లన్నిటినీ ప్రయోగాల చట్టంలో చేర్చింది. అక్కడేం ల్యాబులకి తాళాలు పడలేదే! నేనూ ఆపమనట్లేదు. కోసేముందు మత్తివ్వడం చాలామంది ఎలాగూ చేస్తున్నదే, దాన్ని చట్టంలో రాయడానికి అడ్డేమిటో చెప్పండి.