అమ్మకి పడనిది కారు కాదు

"మీ అమ్మకి కారు పడదురా" - మా ఇంట్లో ఇది బాగా స్థిరపడిపోయిన సత్యం. అయిదారేళ్ళుగా దాన్ని ఎవరూ ప్రశ్నించలేదు, ఇంజనీరింగ్ వెలగబెట్టిన నాతో సహా. రాజమండ్రిలో కారెక్కి బ్రిడ్జి దాటి కొవ్వూరు వచ్చేసరికి ఆవిడ నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. తాళ్ళపూడి దగ్గర కారాపించి వాంతి చేసుకుంటుంది. తర్వాత, ఏదో తప్పు చేసినట్టు, అందరికీ సర్దిచెప్పుకుంటుంది. కొన్నాళ్ళకి పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ "మీరు వెళ్ళిరండి, ఇంటి దగ్గర నేనుంటాను" అనడం మొదలెట్టింది. నిజం చెప్పొద్దూ, మాకూ అదే సుఖంగా అనిపించింది.

మొన్న కార్తీకమాసంలో మాత్రం పట్టిసీమ వెళ్దామని తనే అడిగింది. పైగా "ఆర్టీసీ బస్సులో వెళ్దాంరా, బస్సులో నాకేం కాదు" అంది. మేం వినలేదు. ఇక్కడే నన్ను నేను తిట్టుకోవాలి. బస్సులో బాగానే ఉంటుంది, కారులో మాత్రం తేడా చేస్తుంది - ఆఫీసులో ఎవరైనా ఇలాంటి బగ్ రిపోర్టు ఇస్తే రెండింటికీ తేడా ఏమిటా అని గంటలో తవ్వి తీసేవాణ్ణి. అమ్మ చెప్తే మాత్రం చాదస్తం అనుకున్నాను.

సరే, వెళ్ళాం. రేవులో పడవెక్కి గోదావరి మధ్య కొండ మీదికి వెళ్ళి వీరభద్రుడి దర్శనం చేసుకుని వచ్చాం. రెండు గంటలపాటు కారు అద్దాలు మూసుకుని ఎండలో ఉంది. తిరుగు ప్రయాణంలో ముందు సీటు మావయ్యకిచ్చి నేను వెనక అమ్మ పక్కన కూర్చున్నాను. నాన్న ఏసీ వేశారు. మొదటి విసురుకే కొట్టింది... తడిసిన గోనెసంచిని వారం రోజులు మూల పడేస్తే వచ్చే కంపు, దాని మీద మల్లెపూల సెంటు. మావయ్య వెంటనే తేల్చేశాడు, "వరదలప్పుడు పులస తెచ్చారు కదా బావగారూ, దాని తాలూకే ఇది". "పులసని కంపంటావా, కళ్ళు పోతాయ్" అన్నారు నాన్న :)

పులస తప్పేం లేదు. అసలు సంగతి ఇది. డాష్‌బోర్డు వెనక కూలింగ్ కాయిల్ ఉంటుంది. ఏసీ నడుస్తున్నంతసేపూ అది చల్లటి సోడాసీసాలా చెమర్చుతూనే ఉంటుంది. మన గోదావరి గాలిలో తేమకి కొదవేం లేదు కాబట్టి ఇంకాస్త ఎక్కువే చెమర్చుతుంది. ఆ నీళ్ళు ఒక చిన్న రబ్బరు గొట్టంలోంచి కారు కిందకి కారిపోవాలి. మనం ఇల్లు చేరగానే ఏసీ, ఇంజనూ ఒకేసారి కట్టేసి దిగిపోతాం. లోపల కాయిల్ తడిగా, దాని మీద దుమ్ము, చుట్టూ చీకటి, పైన ఎండకి వేడెక్కిన కారు. బూజుకీ బాక్టీరియాకీ ఇంతకన్నా ఏం కావాలి? మళ్ళీ స్విచ్ వేయగానే ఆ గాలంతా మన మొహాన. అమెరికాలో ఏసీ మెకానిక్కులు దీనికి "మాసిన సాక్సుల జబ్బు" అని పేరు కూడా పెట్టుకున్నారు. కొన్ని కొత్త కార్లలో ఇంజను ఆపాక కాసేపటికి ఫ్యాను దానంతటదే తిరిగి కాయిల్‌ని ఆరబెట్టే ఏర్పాటు కూడా ఉంది. అంటే అసలు రోగం తడి అని కార్లు తయారుచేసేవాళ్ళకి బాగా తెలుసన్నమాట.

మరి మనమేం చేస్తున్నాం? సెంటు సీసా తగిలిస్తున్నాం. ప్రోగ్రాములో ఎర్రర్ వస్తే దాన్ని పట్టుకుని, ఏమీ చెయ్యకుండా మింగేసి, స్క్రీన్ మీద కనబడకుండా చేసే మహానుభావులుంటారు చూడండి... ఇదీ అదే పద్ధతి. వాసన అనేది కారు మనకి పంపే ఎర్రర్ మెసేజ్. దాన్ని దాచడానికి డబ్బు ఖర్చు పెడుతున్నాం.

ఇంటికొచ్చి గ్లవ్‌బాక్స్ ఊడదీశాను. వెనక ఏసీ ఫిల్టరు నల్లగా, ఎండుటాకులతో, పురుగులతో, పిచ్చుక గూడులా ఉంది. పాత బిల్లులు తిరగేస్తే ఇంకో తమాషా. రెండుసార్లు "ఏసీ ట్రీట్‌మెంట్" అని డబ్బులు తీసుకున్నారు, ఫిల్టరు మార్చినట్టు మాత్రం ఒక్క బిల్లులోనూ లేదు. ఫోమ్ కొట్టడం తప్పనను, కాయిల్‌కి పట్టినదాన్ని అది కొంత వదిలిస్తుంది. కానీ ఫిల్టరు మార్చకుండా, నీళ్ళ గొట్టం చూడకుండా ఫోమ్ కొడితే నెల తిరక్కుండా కథ మొదటికొస్తుంది. పట్టిసీమలో గోదావరి నీళ్ళని కృష్ణకి తోలడానికి 24 పంపులు పెట్టుకున్నాం గానీ, కారులో వేలెడు గొట్టం మూసుకుపోయిందేమో చూసుకోం!

నా అనుభవంలో పనికొచ్చినవి ఇవి. ఫిల్టరు ఏడాదికొకసారైనా మార్చండి. చాలా కార్లలో స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు, పది నిమిషాల పని. కొన్ని చవక మోడళ్ళలో ఫిల్టరే ఉండదు, అదీ చూసుకోండి. ఏసీ వేసి కాసేపు నిలబెడితే కారు కింద నీళ్ళు కారాలి, కారకపోతే గొట్టం మూసుకుపోయి ఉండొచ్చు. దిగడానికి అయిదు నిమిషాల ముందు ఏసీ కట్టేసి ఫ్యాను మాత్రం ఉంచండి, బయటిగాలి రానివ్వండి, కాయిల్ ఆరుతుంది. రేవులో తడిసిన బట్టలూ ఇసక కాళ్ళూ కార్పెట్ మీద అలాగే వదిలెయ్యకండి, అదీ ముక్కుతుంది. తీపి వాసన వస్తే మాత్రం ఇవేవీ కావు, కూలెంట్ కారుతున్నట్టు. పెట్రోలు వాసనో, వైరు కాలిన వాసనో వస్తే కారాపి దిగిపోండి, మెకానిక్ చూసేదాకా నడపొద్దు.

"ఇంత చిన్న విషయానికి ఇంత ఉపన్యాసమా" అంటారేమో. నాకు చిన్న విషయంగా అనిపించట్లేదు. కదిలే బండిలో కడుపులో తిప్పేవాళ్ళకి చెడు వాసన తోడైతే ఇంకా తిప్పుతుంది, దీనికి డాక్టర్ని అడగక్కర్లేదు. లోపం బండిలో పెట్టుకుని మనిషికి అంటగట్టాం. ఆవిడ కూడా నమ్మేసి, మా వాళ్ళ పెళ్ళిళ్ళు ఎన్నో మానుకుంది. ఆ పెళ్ళిళ్ళు మళ్ళీ జరగవు కదా.

ఫిల్టరు మార్చి, గొట్టం శుభ్రం చేయించి, సెంటు సీసా పారేశాక అమ్మ రెండుసార్లు కారెక్కింది. అన్నవరం దాకా వెళ్ళొచ్చింది, ఎక్కడా ఆపలేదు. రెండు ప్రయాణాలతో సిద్ధాంతం చెయ్యకూడదని నాకూ తెలుసు. "అమ్మకి కారు పడదు" అన్న మాట మాత్రం ఇంట్లో వెనక్కి తీసేసుకున్నాం.

నిమ్మకాయ ఇంకా తెచ్చుకుంటూనే ఉంది. అన్నవరం నుంచి వచ్చాక దాంతోనే పులిహోర కలిపింది.