అత్తయ్య కాలిగోరు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి గుంటూరు నుంచి. "మా అత్తగారికి డెబ్బయ్యారేళ్ళు. కాలి బొటనవేళ్ళ గోళ్ళు రాళ్ళల్లే అయిపోయినాయి. నెయిల్‌కట్టరు నోట్లో పట్టవు. ఏ నూనె రాస్తే మెత్తబడతాయో మీ శీర్షికలో వ్రాయండి. ఇంత చిన్న సంగతి అడిగానని నవ్వుకోకండి" అని వ్రాసింది ఆ సోదరి.

నవ్వుకోలేదమ్మా. ఆ ఉత్తరం చదివి కాసేపు ఊరికే కూర్చుండిపోయాను. ఎందుకంటే, ఈ చిన్న సంగతిలోనే నేనొక పెద్ద తప్పు చేశాను. అది చెప్పుకున్న తరువాతే నీకు సలహా చెప్పే అర్హత నాకు వస్తుంది.

మా మేనత్తది తెనాలి. ఏటా సంక్రాంతికి వెళ్ళడం, గుమ్మంలోనే ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టడం, ఆవిడ నెత్తిన చెయ్యివేసి దీవించడం ముప్ఫై ఏళ్ళుగా నాకు మామూలు. 2023 సంక్రాంతికి వెళ్ళినప్పుడు, వంగేసరికి ఆవిడ కుచ్చిళ్ళు పాదాల మీదికి లాగేసుకుంది. "పోనీలే, అక్కణ్ణించే పెట్టవే" అన్నది. అప్పుడు నేనేమీ అనుకోలేదు.

పండుగనాడు వైకుంఠపురం గుడికి అందరూ బయలుదేరారు, అత్తయ్య రాలేదు. "మోకాళ్ళే అమ్మాయ్" అన్నది. ఆ మోకాళ్ళకు అప్పటికి ఏడాదిగా వైద్యం జరుగుతున్నది. రాసిన నూనెలకు లెక్కలేదు. కొడుకు పట్నం నుంచి మోకాలి పట్టీలు తెచ్చాడు. కోడలు రోజూ వేన్నీళ్ళ కాపడం పెడుతున్నది. అందరూ మోకాళ్ళ వంకే చూస్తున్నారు గాని అంతకంటే కిందికి ఒక్కరూ చూడలేదు.

ఆ రాత్రి పక్కలు వేసుకుంటుంటే "టిక్కు, టిక్కు" మని చప్పుడు. అత్తయ్య నడుస్తున్నప్పుడల్లా వినిపిస్తున్నది. ఏమిటా అని లైటు వేసి చూశాను. కుడికాలి బొటనవేలి గోరు పసుపుపచ్చగా, మందంగా, పొరలు పొరలుగా పెరిగి, పొట్టేలు కొమ్ములాగా పక్కకు వంగిపోయింది. దాని కొస పక్కవేలి మెట్టెకు తగులుతున్నది. ఆ చప్పుడు అదీ! గోరు చెప్పుకు తగలకుండా ఆవిడ మడమ మీదనే బరువు వేసి నడుస్తున్నది. అలా నడిస్తే మోకాలు నొప్పి పుట్టక ఏమవుతుంది?

"ఎన్నాళ్ళయిందే అత్తయ్యా, ఇలా?"

"ఏమో, నాలుగేళ్ళో అయిదేళ్ళో. వంగితే ఆయాసం, చెయ్యి అందదు. మీ మామయ్యకు చూపు ఆనదు. కోడలు పిల్ల బంగారం. కాని దాంతో నా కాలిగోళ్ళు తియ్యమని ఎలా చెప్పనే, సిగ్గు కాదూ!"

ఈ మాట ఆ గుంటూరు సోదరి కోసమే వ్రాస్తున్నాను. తన కళ్ళజోడు, పళ్ళసెట్టు, మలబద్ధకం గురించి అయినా పెద్దవాళ్ళు నోరు విప్పుతారు. కాలిగోళ్ళ గురించి విప్పరు. అది జబ్బు కాదు, అశుభ్రత అని వాళ్ళ భయం. నీ అత్తగారు నీకు చూపించిందంటే, లేదా నువ్వే చూశావంటే, సగం పని అయినట్టే.

ఇక నా తప్పు. మర్నాడు పొద్దున్నే బక్కెట్టులో వేన్నీళ్ళు పోసి, అత్తయ్య కాళ్ళు అరగంట అందులో పెట్టించాను. మామయ్య గడ్డానికి వాడే బ్లేడు, పెద్ద నెయిల్‌కట్టరు పుచ్చుకుని కూర్చున్నాను. గోరు మెత్తబడినట్టే వుంది. తీసుకుంటూ తీసుకుంటూ మూలలో లోతుగా పోయి చర్మం తెగింది. నెత్తురు వచ్చింది. "నొప్పిగా వుందా?" అని కంగారుగా అడిగాను. "అబ్బే, ఏమీ లేదే" అని నవ్వింది. నాకూ ధైర్యం వచ్చింది. నొప్పి లేదంటే పెద్ద గాయం కాదు గదా!

అత్తయ్యకు పద్ధెనిమిదేళ్ళుగా చక్కెరజబ్బు. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. కాఫీలో పంచదార వెయ్యకుండా ఇచ్చేదాన్ని నేనే. ఆ జబ్బుకూ నా చేతిలో బ్లేడుకూ సంబంధం వుంటుందని మాత్రం తోచలేదు.

నాలుగో రోజుకు వేలు వాచి ఎర్రబడింది. డాక్టరు గారి దగ్గరకు తీసుకువెళ్ళాం. ఆయన ముందు సన్నని నైలాను పోగు ఒకటి తీసి అత్తయ్య అరికాలు మీద అక్కడక్కడా ఆనించి, "తెలుస్తున్నదా అమ్మా?" అని అడుగుతూ పోయారు. ఆ పోగు వంగేటప్పటికి పది గ్రాముల బరువుతో వొత్తుతుందట. అయినా ఆవిడకు సగం చోట్ల తెలియలేదు. ఆయన నావైపు తిరిగి, "నొప్పి లేదని మీరు సంతోషించారు. నొప్పి లేకపోవడమే ఇక్కడ జబ్బు" అన్నారు. ఆ గాయం మానడానికి ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ రోజూ తెనాలికి ఫోను చేసి, "వేలు ఎలా వుంది?" అని అడగడమే నా పని. రంగు మారిందని ఒకనాడు కోడలు చెబితే ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు. వేలు దక్కింది. దక్కకపోతే ఏం చేసేదాన్నో నాకు తెలియదు.

మన దేశంలో పది కోట్ల మందికి పైగా చక్కెరజబ్బు వున్నదని 2023లో భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే తేల్చింది. కాబట్టి ఇది మా అత్తయ్య ఒక్కదాని గొడవ కాదు. చక్కెరజబ్బు బాగా ముదిరి కాళ్ళకు స్పర్శ తగ్గిన వారికి, రక్తప్రసారం తగ్గిన వారికి, ముదురుగోళ్ళు ఇంట్లో తియ్యకూడదు. వేన్నీళ్ళలో నానబెట్టకూడదు. నీళ్ళు కాలుతున్నా వాళ్ళకు తెలియదు, నానిన చర్మం ఇట్టే చిట్లుతుంది. బ్లేడు మాట సరేసరి. మనకు పాదాల వైద్యులు తక్కువే గాని, చక్కెరజబ్బు చూసే పెద్ద ఆసుపత్రుల్లో కొన్నిటిలో పాదాల విభాగం వుంటుంది. చర్మవైద్యులైనా చూస్తారు. నీ అత్తగారికి చక్కెర వున్నదీ లేనిదీ నువ్వు వ్రాయలేదు. ఎప్పుడు పరీక్ష చేయించారో కనుక్కో. అది తేలిన తరువాతే గోటి మీద చెయ్యి వెయ్యి.

ఇంతకూ గోరు ఎందుకు ముదురుతుంది? గోరూ, వెంట్రుకా, ఆవు కొమ్మూ ఒకే జాతి పదార్థంతో తయారవుతాయి. దాన్ని కెరటిన్ అంటారు. మా అత్తయ్య గోరు కొమ్మయి కూర్చోవడంలో వింతేమీ లేదన్నమాట! చేతిగోరు నెలకు మూడు మిల్లీమీటర్లు పెరిగితే కాలిగోరు అందులో సగమే పెరుగుతుంది. వయసు మీదపడ్డకొద్దీ ఆ పెరుగుదల ఇంకా మందగిస్తుంది. ముందుకు సాగవలసిన పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. దానికి తోడు ఏళ్ళ తరబడి ఇరుకు చెప్పుల రాపిడి, ఎప్పుడో రుబ్బురోలు పొత్రం పడ్డ దెబ్బ. గోరు పుట్టే చోటు ఒకసారి దెబ్బతింటే తరువాత వచ్చే గోరు వంకరగానే రావచ్చు.

వయసు ఒక్కటే కారణం అనుకోవడానికి కూడా వీల్లేదు. గోటిలోకి బూజు జాతి క్రిములు చేరినా అది ఇలాగే పచ్చబడి, మందమై, పొడిపొడిగా రాలుతుంది. సొరియాసిస్ అనే చర్మవ్యాధిలోనూ అంతే. కంటితో చూసి ఏది ఏదో చెప్పడం డాక్టర్లకే కష్టం. అలా కనిపించే గోళ్ళలో సుమారు సగం మాత్రమే బూజు వల్ల వచ్చినవట. అందుకని గోటి ముక్క గీరి పరీక్షకు పంపుతారు. పరీక్ష లేకుండా మందులషాపులో అడిగి మాత్రలు తెచ్చి మింగించకండి. బూజు అని తేలితే ఎక్కువగా ఇచ్చేది టెర్బినఫైన్ అనే మాత్ర. కాలిగోళ్ళకు సాధారణంగా పన్నెండు వారాలు వాడాలి. కాలేయం బాగున్నదో లేదో ముందు రక్తపరీక్షలో చూసుకోవాలి. పన్నెండు వారాలకు గోరు అద్దంలా మెరుస్తుందనీ ఆశపడకండి. బొటనవేలి గోరు మొదటినుంచి చివరిదాకా కొత్తది రావడానికి ఏడాది, ఒక్కొక్కప్పుడు ఏడాదిన్నర పడుతుంది.

మన ఆడవాళ్ళతో డాక్టర్లకు ఇంకో చిక్కు. పాదాలకు పసుపు రాసుకుంటాం, గోరింటాకు పెట్టుకుంటాం, ఇప్పటి పిల్లలు రంగులు వేసుకుంటారు. గోటి అసలు రంగు ఏదో ఎవరికి తెలుస్తుంది? డాక్టరుకు చూపించేముందు రెండు మూడు వారాలు ఇవన్నీ మానెయ్యండి. గోటి కింద నల్లచార కనిపించి అది వెడల్పవుతూ వుంటే మాత్రం వారాలు లెక్కపెట్టకుండా వెంటనే వెళ్ళండి. దెబ్బ తగిలి గడ్డకట్టిన నెత్తురే కావచ్చు. కాకపోతే అశ్రద్ధ చేసే జబ్బు కాదది.

ఇక నువ్వడిగిన నూనె సంగతి. కొబ్బరినూనె, ఆముదం చుట్టూ వున్న చర్మానికి మంచివే. గోటిని మాత్రం అంతగా మెత్తబరచవు. మెత్తబరచేది యూరియా కలిపిన లేపనం. పొలానికి వేసే యూరియా అని గాభరాపడకు, ఆ పదార్థమే శుద్ధిచేసి చర్మానికి వాడతారు. నూటికి నలభై పాళ్ళు యూరియా వున్నది గోళ్ళకు బాగా పనిచేస్తుంది. డాక్టరును అడిగి తీసుకుని, రాత్రిపూట గోటి మీద మాత్రమే, పక్క చర్మానికి అంటకుండా రాయాలి.

చక్కెర లేదనీ రక్తప్రసారం బాగున్నదనీ తేలితే, నువ్వే తియ్యవచ్చు. గోరువెచ్చని నీళ్ళలో పదిహేను నిమిషాలు నాననిచ్చి, వేళ్ళ సందులు సహా తుడిచి, వెలుతురులో కూర్చోబెట్టు. మామూలు నెయిల్‌కట్టరు పనికిరాదు. ముదురుగోళ్ళకు వేరే కత్తెర దొరుకుతుంది, చూడటానికి ఎలక్ట్రీషియను కటింగ్‌ప్లేయరుకు చెల్లెలిలా వుంటుంది. దాంతో ఒక అంచునుంచి రెండో అంచుకు చిట్టిచిట్టి ముక్కలుగా కొరుక్కుంటూ పోవాలి. ఒక్క కొరుకుడుకు మొత్తం తెంపబోతే గోరు నిలువునా చీలుతుంది. అడ్డంగా తిన్నగా తియ్యి, మూలలు గుండ్రంగా లోపలికి తొలవకు. ఆ మూలే తరువాత కండలోకి దిగి ప్రాణం తీస్తుంది. పైమందాన్ని ఆకురాయి పట్టీతో మెల్లగా అరగదియ్యి. అయిదేళ్ళ గోరు ఒక్కపూటలో తెమలదు. వారానికి కాస్త చొప్పున నెల పట్టినా ఫరవాలేదు. ఆ కత్తెర ఇంకొకరికి వాడకు, పని అయ్యాక సబ్బుతో కడిగి స్పిరిటుతో తుడిచిపెట్టు.

ఏ రోజు తియ్యాలంటావా? మంగళవారం వద్దు, శుక్రవారం వద్దు, శనివారం వద్దు, దీపాలు పెట్టాక అసలే వద్దు అంటారు పెద్దలు. వాళ్ళతో వాదించకు. బుధవారం పగటిపూట వున్నది గదా!

మా నాయనమ్మ రోజుల్లో గోళ్ళు తియ్యడానికి ఇంటికే వచ్చేవాడు. పొదిలోంచి చిన్న కత్తి తీసి, అరుగు మీద కూర్చుని ఇంటిల్లిపాదికీ, ఆడవాళ్ళతో సహా, తీసి వెళ్ళేవాడు. ముసలివాళ్ళు వంగవలసిన అవసరమే వుండేది కాదు. ఇప్పుడు ఆ రాకలు పోయినాయి. సెలూనులో జుట్టు వరకే. పార్లరు పిల్లలు పెడిక్యూరు చేస్తారు గాని పొట్టేలు కొమ్మును చూస్తే బెదురుతారు, బెదరడమే మంచిది కూడా.

అత్తయ్య సంగతి చెప్పి ముగిస్తాను. గాయం మానాక, ఆసుపత్రిలోనే మూడు దఫాలుగా ఆ గోరు అరగదీశారు. డాక్టరు గారు మెట్టెలు కొన్నాళ్ళు తీసి వుంచమంటే మాత్రం పెద్ద రగడ అయింది. "మీ మామయ్య ఉండగా తియ్యమంటాడేమిటే ఆయన!" అని ఏడ్చింది. ఆఖరుకు మామయ్యే, "నేను బాగానే వున్నాలే, తియ్యి" అని కసిరితే తీసింది. వాపు పూర్తిగా తగ్గాక కాస్త వదులుగా వుండే కొత్త జత చేయించారు. ఇప్పుడు కోడలు రోజూ రాత్రి ఆవిడ పాదాలు సెల్‌ఫోను దీపం వేసి పైనా కిందా చూస్తుంది. మొదట సిగ్గుపడిన మనిషి ఇప్పుడు తనే మంచం మీద కాళ్ళు చాపి పిలుస్తున్నది. మోకాళ్ళ నొప్పి పూర్తిగా పోలేదు. గుడికి మాత్రం వెళుతున్నది.

కిందటి సంక్రాంతికి గుమ్మంలో దణ్ణం పెట్టడానికి వంగాను. కుచ్చిళ్ళు కాస్త ఎత్తి, "చూడవే, ఎంత పెరిగిందో" అన్నది. గోరు సగం దాకా కొత్తది, పల్చగా, తెల్లగా వచ్చింది. మిగతా సగం ఇంకా పాతదే.