సూట్‌కేస్‌లో ఇంగువ డబ్బా ఒకసారి చూడండి

బార్కస్‌లో మందీ ముందు కూర్చుంటే గోధుమ పడనివాళ్లకు పెద్ద చిక్కుండదు. అన్నం, మాంసం, అంతే. పక్కన హరీస్ పెడితే మాత్రం ఆగాలి, అది గోధుమతోనే చేస్తారు. నిజాం సైన్యంలోని యెమెన్ అరబ్బుల బ్యారక్సే బార్కస్ అయింది. ఇక్కడి కుర్రాళ్లకు గల్ఫ్ ఉద్యోగం కొత్త కాదు. రేపు మీకూ దుబాయ్ నుంచో జర్మనీ నుంచో ఆఫర్ రావచ్చు. సీలియాక్ ఉందని వదులుకుంటారా? వద్దు.

ఫ్లైట్‌లో గ్లూటెన్ ఫ్రీ భోజనం కావాలంటే చాలా ఎయిర్‌లైన్స్ కనీసం 24 గంటల ముందే చెప్పమంటాయి. యూరప్‌లో ప్యాకెట్ మీద గోధుమ, బార్లీ పేర్లు కొట్టొచ్చినట్టు ముద్రించాల్సిందే. ‘గ్లూటెన్ ఫ్రీ’ అంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. గోధుమను జర్మన్‌లో ‘వైట్సెన్’, అరబిక్‌లో ‘కమ్హ్’ అంటారు, ఈ రెండు మాటలూ నోటికి రావాలి. సోయా సాస్‌లోనూ సాధారణంగా గోధుమ ఉంటుంది. అసలు దొంగ మాత్రం అమ్మ ప్రేమగా సర్దిన ఇంగువ డబ్బా! చాలా కంపెనీలు అందులో గోధుమపిండి కలుపుతాయి. రూమ్మేట్ చపాతీ పెనం కూడా మీకు పనికిరాదు.

ఇంకా పరీక్ష చేయించుకోలేదా? గోధుమ మానేశాక రక్తపరీక్షలో జబ్బు బయటపడకపోవచ్చు. మానకముందే, వీసా హడావుడి మొదలుకాకముందే డాక్టర్‌ను కలవండి.