తత్త్వశాస్త్రము కూడుపెట్టదా?

హిందూపురమునను, పెనుకొండయందును, ధర్మవరమునను బిడ్డ ఇంటర్మీడియెటు ముగించినంతనే పెద్దలు వేయు ప్రశ్న యొక్కటే: ఏ చదువునకు ఉద్యోగము దొరకును? పెనుకొండ చేరువ 2019లో కియా కార్ల కర్మాగారము పని ప్రారంభించినది మొదలు ఆ ప్రశ్న మఱింత బిగ్గరగా వినవచ్చుచున్నది. మేము దానిని తప్పుపట్టము. మగ్గపు గుంటలో కాళ్లుంచి బిడ్డలను చదివించు ధర్మవరపు నేతగానికి అన్నము మాట యడుగు హక్కు గలదు. కాని తత్త్వశాస్త్రమని పేరెత్తగానే "సన్న్యాసుల చదువు" అని నవ్వుటను సహింపజాలము.

సర్వేపల్లి రాధాకృష్ణన్ ధనికుడై ఆ శాస్త్రమును చేపట్టలేదు. జ్ఞాతి యొకడు చదివి యిచ్చిన పుస్తకములు ఊరక లభించుటచే, పేదరికమున, మద్రాసు క్రైస్తవ కళాశాలలో దానిని చదివెను. వేదాంతమున నీతికి తావులేదన్న పరుల యాక్షేపణకు 1908లో తన ఎం.ఏ. వ్యాసముననే బదులు చెప్పెను. మఱుసటియేడు ప్రెసిడెన్సీ కళాశాలలో కొలువు, 1931లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వైస్ ఛాన్సలరు, 1962లో రాష్ట్రపతి.

అందఱును రాష్ట్రపతులగుదురా యందురు. కారు. ఇంజనీర్లందఱును కర్మాగారాధిపతులగుచున్నారా?

అధ్యాపక పదవులు కొలదియే, దాచనేల? కాని న్యాయవాద వృత్తి యున్నది, పత్రికారచన యున్నది. సివిల్ సర్వీసు ప్రధాన పరీక్షలో 500 మార్కులకు దీనిని ఐచ్ఛికముగ నెంచుకొనవచ్చును. 2013 మొదలు 250 మార్కుల నీతిశాస్త్ర పత్రమును ఇంజనీరైనను వ్రాయక తప్పదు!

తిరుపతికో హైదరాబాదుకో పోయి తత్త్వశాస్త్రము చదివెదనని మీ బిడ్డ యడిగినచో, అయ్యా, హాస్టలు ఖర్చు లెక్కించి చూడుడు. నవ్వి పంపివేయకుడు.