ముట్టుకుంటేనే చదువు

పోయిన వారం హాస్టల్ అన్నం గురించి రాశాను. ఈ వారం ఒక తాళం గురించి.

మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ తలుపు మీద ఒక కాగితం ఉంటుంది: "అనుమతి లేనిదే ఏదీ ముట్టుకోరాదు." తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినవాణ్ణి, మాటల్ని పట్టించుకోవడం నా వృత్తి. 'ముట్టుకోరాదు' అన్న మాట ఎక్కడ కనబడ్డా నాకు మా నాయనమ్మ, ఊరి బావి గుర్తొస్తాయి. ఆ కాగితం రాసినాయనకు ఆ ఉద్దేశం లేకపోవచ్చు. కానీ ఆ తలుపు బయట ఆగిపోతున్నది ఎవరో చూడండి. బీఏ తెలుగు మీడియం పిల్లలు. సగానికి పైగా మన వాడల పిల్లలు.

ల్యాబ్‌కు తాళం వేశారు గానీ క్లాసులో స్మార్ట్ బోర్డు పెట్టారు. రిబ్బన్ కట్ చేశారు, ఫోటోలు దిగారు. నేను దాని మీదే జాషువా 'గబ్బిలం' చెప్తున్నా. బాగానే ఉంది. కానీ ఆ బోర్డును ముట్టుకునేది నేనొక్కణ్ణే. అరవై మంది చూస్తూ కూర్చుంటారు. నల్లబల్ల పోయి వెలిగే బల్ల వచ్చింది, అంతే. దీన్ని డిజిటల్ విద్య అంటే నేను ఒప్పుకోను.

"అందరి చేతుల్లో ఫోన్లున్నాయి కదా" అంటారు. ఉన్నాయి. 2017-18 జాతీయ నమూనా సర్వేలో కంప్యూటర్ ఉన్న ఇళ్లు పట్టణాల్లో నూటికి 23, పల్లెల్లో 4. ఆ తర్వాత పల్లెకు ఫోన్ వచ్చింది, కీబోర్డు రాలేదు. ఫోన్ చూడటం నేర్పింది. రాయడం, దాచుకోవడం, వెతకడం, తన దరఖాస్తు తాను పెట్టుకోవడం ఎవరు నేర్పాలి?

డిగ్రీ సీటును 2016 నుంచి 'దోస్త్' ఆన్‌లైన్‌లో పెట్టారు. స్కాలర్‌షిప్పు ఆన్‌లైన్‌లోనే. గుమ్మాన్ని కంప్యూటర్‌లో పెట్టి, కంప్యూటర్‌కు తాళం వేశారు.

నా స్టూడెంట్ ఒకమ్మాయి నెట్ సెంటర్‌లో స్కాలర్‌షిప్పుకు అప్లై చేసింది. అక్కడి అన్న తన నంబరే ఎక్కించాడు. దరఖాస్తులో తప్పుందని వచ్చిన మెసేజ్ అతని ఫోనుకే పోయింది. "నాకు తెల్వలేదు సార్" అంది. అప్పటికే గడువు దాటింది. ఫీజు కడితేనే సర్టిఫికెట్లు అన్నారు. ఆ పిల్ల పత్తి ఏరడానికి పోయింది. 'గబ్బిలం' మీద పది పేజీలు రాయగల పిల్ల. తన నంబరు, తన పాస్‌వర్డు తన దగ్గరే ఉండాలని నేను ఒక్కరోజు కూడా చెప్పలేదు. ఆ తప్పులో నా వాటా ఉంది.

నేనేమన్నా గొప్పా? నా సిద్ధాంత గ్రంథం డీటీపీ షాపులో, పేజీకింత అని ఇచ్చి అను ఫాంట్లలో కొట్టించుకున్నా. అది యూనికోడ్ కాదు. ఇవాళ అందులో ఒక్క మాట వెతుకుదామంటే దొరకదు. తెలుగు టైపింగ్ నేను ఉద్యోగం వచ్చాకే నేర్చుకున్నా.

మన సంఘాల మిత్రులే కొందరు "ముందు హాస్టల్లో బాత్రూములు, తర్వాత కంప్యూటర్లు" అంటారు. రెండూ కావాలి. బాత్రూమ్ లేదని రాసే ఆర్జీని కూడా ఇంకొకరితో కొట్టించుకుంటే ఆ గొంతు మనదెట్లా అవుతుంది?

బెంగళూరులో ఒక బస్తీ పిల్లలు, ఫ్రీ సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు కలిసి అంబేద్కర్ పేరుతో కమ్యూనిటీ కంప్యూటర్ సెంటర్ నడిపారు. మన ఊళ్లలో అంబేద్కర్ భవనాలు ఏడాదిలో ఎన్ని రోజులు తెరిచి ఉంటున్నాయి? పాత కంప్యూటర్ రెండు పెట్టండి. లైనక్స్‌కు పైసా ఖర్చు లేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ కాలేజీలో ల్యాబ్ టైమ్‌టేబుల్ అడగండి. బీఏ వాళ్లకు వారానికి ఎన్ని గంటలో రాతపూర్వకంగా చెప్పమనండి. నా వంతుగా ఈ సోమవారం నుంచి నా తెలుగు పీరియడ్లలో వారానికొకటి ల్యాబ్‌లోనే. తాళం ఇవ్వకపోతే ఆ తలుపు ముందే కూర్చుని పాఠం చెప్తాం.

ఆ కాగితాన్ని మాత్రం నేనే చించేస్తా.

జై భీమ్.