ట్రంకుపెట్టెకు దిక్కెవరు?

తడిసిన పెళ్లి ఆల్బమ్ ఎండితే ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. లాగితే ముఖాలే ఊడొస్తాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్ పాతబస్తీ కాలనీలను ముంచిన వరద ఇంకా కళ్లముందే ఉంది. అంతకుముందు 2000 ఆగస్టులో బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం మునిగి, అబ్దుల్ సమద్ ఖాన్ ఏళ్లతరబడి కూడబెట్టిన ఉర్దూ గ్రంథాలు దెబ్బతిన్నాయి. ఎంత నష్టం!

తార్నాక ఆర్కైవ్స్‌లోని మొఘల్ కాలపు పత్రాలకు సర్కారు దిక్కుంది. సంతోష్‌నగర్ ఇళ్లలోని ట్రంకుపెట్టెలకు ఎవరున్నారు? ఫొటో వెనక తాత ఉర్దూలో రాసిన పేరు, తేదీ చదవగలిగిన పెద్దలు తగ్గిపోతున్నారు. అందుకే ఫొటోను రెండువైపులా స్కాన్ చేయాలి, ఒక ప్రతిని వేరే ఊళ్లో దాచాలి. నగర గ్రంథాలయ సంస్థ వచ్చే వానాకాలంలోపే సంతోష్‌నగర్‌లో ఒక ఉచిత స్కానింగ్ కేంద్రం తెరవాలి.